ఇల్లు, గ్రంథం, సంఘం: ఉత్తర తీరానికి తరలివచ్చిన తొలి క్రైస్తవ కుటుంబాలు, తెలుగు వచనం (1805–1875)

వ్యాస సంగ్రహం

కొత్త సంఘాన్ని స్థాపించాలని ఒక కుటుంబం పట్టణానికి తరలిరావడం నేటి గాజువాకలో సర్వసాధారణమైన విషయం. విశాఖ తీరంలో ఈ ప్రయత్నానికి రెండు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వారి ఇల్లు, వారితో కలిసి పనిచేసిన ఆనందరాయర్, 1836లో వచ్చి వెళ్ళిపోయిన డే కుటుంబం, పర్లాకిమిడి ప్రాంతానికి చెందిన పురుషోత్తమ చౌదరి, కాకినాడలో సంఘాన్ని ప్రారంభించిన థామస్ గాబ్రియేలు అనే ఉదాహరణల ఆధారంగా ఈ వ్యాసం రెండు అంశాలను ప్రతిపాదిస్తుంది. మొదటిది, ఈ తీరంలో సంఘం కంటే గ్రంథం ముందు పుట్టింది. రెండవది, ఆ గ్రంథం ఒక్క మిషనరీ కృషి కాదు; ఒక ఇంటిలో జరిగిన ఉమ్మడి పని. ఈ రెండింటినీ గుర్తించకపోవడం వల్ల మిషన్ చరిత్రలలోనూ, తెలుగు వచన చరిత్రలోనూ ఒక ఖాళీ ఏర్పడింది.

కీలక పదాలు: విశాఖపట్నం, సువార్తానువాదం, ఆనందరాయర్, పురుషోత్తమ చౌదరి, తెలుగు వచనం, సంఘం, వలస.

1. ఉపోద్ఘాతం

గాజువాక వలసల మీద నిలబడిన ఊరు. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. 1941లో సింధియా కంపెనీ ఓడల నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం రగిలింది. 1971 జనవరిలో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడింది. 1992 ఆగస్టులో అది జాతికి అంకితమైంది. ఆ కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలవారు భూములు విడిచి వెళ్ళారు. ఉన్నవారు నిర్వాసితులై పునరావాస కాలనీలకు చేరుకుంటే, శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల నుంచి పని కోసం కొత్తవారు వచ్చి స్థిరపడ్డారు. ఇలా వచ్చిన కుటుంబాలలో కొన్ని ఉద్యోగం కోసం కాక, ఒక సంఘాన్ని ప్రారంభించడం కోసమే వచ్చాయి. అద్దె ఇంటి ముందుగదిలో ప్రార్థన మొదలవుతుంది. ఇరుగుపొరుగు నాలుగు కుటుంబాలు కూడుతాయి. కొంతకాలానికి రేకుల షెడ్డు, మరికొంత కాలానికి శ్లాబు కట్టడం వస్తాయి. గోడమీద పేరు వచ్చేనాటికి ఆ ముందుగది సంగతి చాలామంది మరిచిపోతారు.

ఆ ముందుగదిని మరిచిపోవడమే ఈ వ్యాసానికి ప్రేరణ. సంఘాల చరిత్ర రాసేవారు కట్టడం ప్రతిష్ఠించిన తేదీతో మొదలుపెడతారు. సాహిత్య చరిత్ర రాసేవారు గ్రంథం అచ్చయిన తేదీతో మొదలుపెడతారు. ఈ రెండు తేదీలకు ముందు ఒక ఇల్లు ఉంది. ఆ ఇంట్లో ఎవరు ఉన్నారు, ఏ భాష మాట్లాడారు, ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారు అనే ప్రశ్నలు వేసుకుంటే తేదీల వరుసే మారిపోతుంది. విశాఖ తీరంలో తొలి దశను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. విశ్వాసపు సత్యాసత్యాలు ఈ వ్యాస పరిధిలోనివి కావు. ఒక విశ్వాసం ఒక భాషలోకి, ఒక ఊరిలోకి ఎలా ప్రవేశించిందన్నదే ఇక్కడి విషయం.

2. 1805కు ముందు పరిస్థితి

తెలుగులో క్రైస్తవ రచన విశాఖతోనే మొదలు కాలేదు. పద్దెనిమిదవ శతాబ్ది పూర్వార్ధంలో మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోకి అనువదించడానికి పూనుకున్నాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళాక 1740ల మధ్యకాలంలో హాలే పట్టణంలో చిన్న చిన్న తెలుగు పుస్తకాలను అచ్చువేయించాడు. అయితే అవి తెలుగు నేలకు వేల మైళ్ళ దూరంలో వెలువడ్డాయి. వాటిని చదివే తెలుగు సమాజమూ, వాటి చుట్టూ ఏర్పడిన తెలుగు సంఘమూ లేవు.

ఈస్టిండియా కంపెనీ వైఖరి కూడా ఇక్కడ గమనార్హం. తన భూభాగాలలో మిషనరీలు పనిచేయడాన్ని కంపెనీ ప్రోత్సహించలేదు. 1813 చార్టర్ చట్టం తరువాతే వారి రాకకు చట్టబద్ధమైన మార్గం ఏర్పడింది. అంతకుముందు వచ్చినవారు డేనిష్ పాలనలోని తరంగంబాడి, శ్రీరాంపూర్‌లను ఆశ్రయించారు. 1806 జూలైలో వెల్లూరు సిపాయిల తిరుగుబాటు తరువాత మద్రాసు ప్రభుత్వం మతసంబంధమైన పనులను మరింత అనుమానంతో చూసింది. అటువంటి కాలంలో కంపెనీ కోట ఉన్న విశాఖపట్నంలో ఒక మిషన్ గృహం నిలవగలగడం విశేషమే.

3. విశాఖలోని ఇల్లు

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1804లో కోపెన్‌హేగన్ నుంచి డేనిష్ ఓడలో బయలుదేరి తరంగంబాడి చేరారు. వారితో వచ్చిన రింగెల్‌టౌబే దక్షిణానికి, తిరువాన్కూరు వైపు వెళ్ళాడు. మిగిలిన ఇద్దరు మద్రాసు మీదుగా 1805లో విశాఖపట్నం వచ్చారు. తెలుగు దేశంలో ప్రొటెస్టెంటు మిషన్ నిలకడగా వేళ్ళూనుకున్న తొలి చోటు ఇదే.

వచ్చిన వెంటనే వారు చేసిన పనులు మూడు. కోటలోని యూరోపియన్లకు ఆంగ్లంలో ఆరాధన జరిపారు. పిల్లలకు బడి పెట్టారు. తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఈ మూడింటిలో కష్టమైనది మూడవదే. అప్పటికి ఆంగ్లంలో అచ్చయిన తెలుగు వ్యాకరణం లేదు. విలియం కేరీ వ్యాకరణం 1814లోనూ, ఎ.డి. క్యాంబెల్ వ్యాకరణం 1816లోనూ వెలువడ్డాయి. సి.పి. బ్రౌన్ వ్యాకరణం 1840 నాటిది. అంటే ఈ ఇద్దరికీ పుస్తకమే లేదు. ఉన్నది మనిషి మాత్రమే. పక్కన కూర్చుని పలికించే, దిద్దే, నవ్వి సరిచేసే తెలుగు మనిషి లేకుండా ఈ చదువు ఒక్క అడుగు కూడా ముందుకు సాగేది కాదు. మిషన్ చరిత్రలు ‘భాష నేర్చుకున్నారు’ అని ఒక్క వాక్యంలో దాటవేసే చోట ఒక గురువు ఉన్నాడని మనం గుర్తించాలి.

4. ఆనందరాయర్: అనువాదకుడా, సహాయకుడా?

1808 ప్రాంతంలో ఆ ఇంటికి ఆనందరాయర్ వచ్చి చేరాడు. ఆయనను కొందరు మహారాష్ట్ర బ్రాహ్మణుడనీ, మరికొందరు తెలుగు బ్రాహ్మణుడనీ రాశారు. 1811లో వెలువడిన క్లాడియస్ బుచానన్ గ్రంథంలో ఆయన కథ కనిపిస్తుంది. టిప్పు సైన్యంలో లెక్కలు రాసే ఉద్యోగి. మోక్షాపేక్షతో ఒక పెద్దాయన చెప్పిన మంత్రాన్ని నాలుగు లక్షల సార్లు జపించినవాడు. జపం వల్ల మనశ్శాంతి కలగక వెతుకులాట సాగించి, చివరకు తరంగంబాడి మిషన్ ద్వారా క్రైస్తవం స్వీకరించినవాడు. ఈ కథ ఆంగ్ల పాఠకుల కోసం, ఒక ప్రయోజనంతో చెప్పబడింది. ఆ ప్రయోజనాన్ని పక్కన పెట్టినా ఒక విషయం స్పష్టమవుతుంది. ఆనందరాయర్ విశాఖకు వచ్చింది కేవలం జీతగాడుగా కాదు. బంధువర్గాన్నీ, కులాన్నీ, పాత జీవనాధారాన్నీ దాటి వచ్చాడు. అతనిదీ వలసే. ఓడలో సముద్రాలు దాటినవారి ప్రయాణం కంటే అతని ప్రయాణం దూరంలో చిన్నదే కావచ్చు. పోగొట్టుకున్నదానిలో చిన్నది కాదు.

అతడు వచ్చాక అనువాదం వేగం అందుకుంది. 1809 జనవరిలో క్రాన్ మరణించాడు. 1810 జూలైలో డెస్‌గ్రాంజెస్ కన్నుమూశాడు. వచ్చిన అయిదేళ్ళకే ఇద్దరూ లేరు. అయినా పని ఆగలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. అదే సంవత్సరం మార్చిలో ఆ ముద్రణాలయం అగ్నిప్రమాదానికి గురై అనేక భారతీయ భాషల అచ్చులు, రాతప్రతులు బూడిదయ్యాయన్నది గుర్తుంచుకుంటే, ఈ పుస్తకం ఎంత సన్నని దారి మీద నడిచి వచ్చిందో అర్థమవుతుంది. తరువాత విశాఖకు వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన అనువాదాన్ని పూర్తిచేయగా, అది 1818లో మద్రాసులో అచ్చయింది.

గ్రంథ సూచికలు ఈ సువార్తల అనువాదకుడుగా డెస్‌గ్రాంజెస్ పేరును చూపుతాయి. ఆనందరాయర్ పేరు వస్తే ‘సహాయకుడు’ అన్న మాట పక్కన చేరుతుంది. ఇక్కడ ఒక సాధారణ తర్కాన్ని పాటించవచ్చు. ఒక భాషలోకి అయిదేళ్ళ క్రితమే ప్రవేశించిన వ్యక్తి మూలార్థాన్ని చెప్పగలడు. వాక్యం తెలుగుగా నిలిచిందో లేదో తేల్చగలిగినవాడు ఆ భాషలో పెరిగినవాడే. క్రియ ఎక్కడ పడాలి, గౌరవవాచకం ఎవరికి వాడాలి, ‘వాడు’, ‘అతడు’, ‘ఆయన’ అనే మూడింటిలో క్రీస్తుకు ఏది తగును, శిష్యులకు ఏది తగును అన్న నిర్ణయాలు వ్యాకరణ నిర్ణయాలు మాత్రమే కావు. అవి సామాజిక నిర్ణయాలు కూడా. ఆంగ్లంలో ఒకే సర్వనామంతో సరిపోయేది తెలుగులో మర్యాదల మెట్లు ఎక్కి దిగాలి. ఆ మెట్లు తెలిసినవాడు ఆనందరాయర్. కనుక ‘సహాయకుడు’ అన్న మాట సరిపోదనీ, ఈ సువార్తలను ఉమ్మడి కర్తృత్వం గల రచనగా పరిగణించాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. పండితుని సహకారంతో జరిగిన ప్రతి వలసకాలపు అనువాదానికీ ఇదే వర్తిస్తుంది కదా, విశాఖ ప్రత్యేకత ఏమిటని అడగవచ్చు. శ్రీరాంపూర్ పండితులలో చాలామందిది ప్రధానంగా వేతన సంబంధం; అనువదించే గ్రంథాన్ని వారు తమ గ్రంథంగా స్వీకరించవలసిన అవసరం లేదు. ఆనందరాయర్ ఆ గ్రంథాన్ని తనదిగా స్వీకరించినవాడు. అనువాదకుడే తొలి పాఠకుడు, తొలి విశ్వాసి కూడా కావడం ఇక్కడి ప్రత్యేకత.

5. గ్రంథం ముందు, సంఘం తరువాత

మూడు సువార్తలు అచ్చయిన నాటికి విశాఖపట్నంలో తెలుగు సంఘం లేదు. మిషన్ చరిత్రల ప్రకారం స్థానికంగా తొలి బాప్తిస్మం జరిగేందుకు సుమారు ముప్పై ఏళ్ళు పట్టింది. 1835 వరకు ఎదురుచూడవలసి వచ్చింది. ఈలోపు ప్రిచెట్, గోర్డన్, డాసన్ ఒకరి తరువాత ఒకరు ఇదే ప్రాంతంలో పనిచేసి మరణించారు. పాఠశాలలు నడిచాయి, కరపత్రాలు పంచబడ్డాయి, అనువాదం దిద్దబడింది. కూడవలసిన తెలుగు జనం మాత్రం కూడలేదు.

మిషన్ చరిత్రకారులు దీనిని వైఫల్యంగానో, ఓర్పుకు దృష్టాంతంగానో చూపారు. సాహిత్య విద్యార్థికి ఇది మరొక రకంగా కనిపిస్తుంది. సాధారణంగా మతగ్రంథపు భాష దానిని వాడే సమాజపు నోళ్ళలో నానుతూ రూపుదిద్దుకుంటుంది. విశాఖలో అలా జరగలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ వచనానికి పాఠకులుగా ఉన్నవారు దానిని రాసిన ఇంటివారు, వారి బడిపిల్లలు, కుతూహలంతో కరపత్రం అందుకున్న బాటసారులు. ఆరాధనలో సామూహికంగా చదవబడకముందే ఈ వచనం స్థిరపడింది. నేటికీ క్రైస్తవ తెలుగులో వినిపించే ప్రత్యేకమైన నడకకు ఇది ఒక కారణం కావచ్చు.

కాలక్రమంలో దీని స్థానాన్ని కూడా గమనించాలి. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర 1830–31 నాటిది. అది పుస్తకంగా 1838లో వచ్చింది. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడింది. వీటికి దశాబ్దాల ముందే, 1812లో, కథనాత్మకమైన తెలుగు వచనం అచ్చులో ఉంది. ఆధునిక వచన వికాసాన్ని చర్చించేటప్పుడు సువార్తలను ‘మతప్రచార సాహిత్యం’ అనే అరలో పెట్టి మూసివేయడం వల్ల ఈ వాస్తవం మరుగున పడుతోంది. వాటి శైలి గొప్పదా కాదా అన్నది వేరే ప్రశ్న. అవి ఉన్నాయన్నది మొదట ఒప్పుకోవలసిన విషయం.

6. వచ్చి వెళ్ళిపోయిన కుటుంబం

ప్రతి వలసా స్థిరనివాసం కాదు. 1835 సెప్టెంబరులో బోస్టన్ నుంచి బయలుదేరిన శామ్యూల్ డే, ఆయన భార్య రోయెన్నా 1836లో కలకత్తా మీదుగా విశాఖపట్నం వచ్చారు. తెలుగువారి మధ్య పనిచేయడానికి అమెరికన్ బాప్టిస్టులు పంపిన తొలి కుటుంబం ఇది. కొన్ని నెలలకే వారు శ్రీకాకుళానికి, 1837లో మద్రాసుకు, 1840లో నెల్లూరుకు మారారు. నెల్లూరులో 1844లో సంఘం ఏర్పడింది. అదే 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు గోదావరి డెల్టాలో నరసాపురం వైపు స్థిరపడ్డారు. వారిద్దరూ చేతిపని చేసుకుని బతికిన కుటుంబాలవారు. ఒకరు రాతిపనివారు, మరొకరు చెప్పులు కుట్టేవారు.

డే కుటుంబం నాలుగేళ్ళలో నాలుగు ఊళ్ళు మారింది. దీనిని అస్థిరత అనుకోనక్కరలేదు. విశాఖలో అప్పటికే మూడు దశాబ్దాలుగా మరొక మిషన్ ఉంది. ఒకరు దున్నిన చోట మరొకరు దున్నకపోవడం ఆనాటి మర్యాద. కొత్త కుటుంబం తన ఊరిని తాను వెతుక్కోవలసి వచ్చింది. నేటి గాజువాకలో ఒకే వీధిలో నాలుగు సంఘాల బోర్డులు కనిపిస్తాయి. ఆనాటి మర్యాదకూ నేటి పోటీకీ మధ్య ఉన్న ఈ తేడా ప్రత్యేకంగా అధ్యయనం చేయదగినది.

7. పురుషోత్తమ చౌదరి: కరపత్రం నుంచి కీర్తనకు

పర్లాకిమిడి సమీపంలోని మదనాపురంలో 1803లో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన పురుషోత్తమ చౌదరి జీవితం, విశాఖ గ్రంథం ఎవరిని చేరిందో చూపుతుంది. ఆయన చేతికి వచ్చిన క్రైస్తవ కరపత్రం ఆయనను ఆలోచింపజేసింది. విశాఖ మిషన్ వారితో, ముఖ్యంగా హెలెన్ నాట్ అనే మహిళతో ఏర్పడిన పరిచయం ఆ ఆలోచనను బలపరచింది. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఆ తరువాత 1890లో మరణించే వరకు ఆయన బతుకంతా ప్రయాణమే. పర్లాకిమిడి, శ్రీకాకుళం వంటి చోట్ల బోధకుడుగా పనిచేశాడు.

సాహిత్య దృష్టిలో ఆయన ప్రాముఖ్యం కీర్తనలలో ఉంది. సువార్తల వచనం మిషన్ ఇంట్లో పుట్టింది. చౌదరి కీర్తనలు అప్పటికే తెలుగువారి చెవులకు అలవాటైన రాగతాళాలలో పుట్టాయి. పల్లవి, అనుపల్లవి, చరణాల కట్టడి, సంబోధన, నిందాస్తుతి ఛాయలు, దైన్యం అన్నీ కీర్తన సంప్రదాయం నుంచి వచ్చినవే. చదువురానివాడు కూడా ఒకటి రెండు సార్లు వింటే నోటికి వచ్చే రూపం అది. ఇరవై ఏళ్ళకు పైగా వచనం చేయలేని పనిని పాట చేసింది. సామూహికంగా నోరు కలపడానికి ఒక భాషను ఇచ్చింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంకలనంలో ఆయన రచనలు ఈనాటికీ నిలిచి ఉండడం దీనికి తార్కాణం.

ఇక్కడ ‘కుటుంబం’ అన్న మాటకు మరొక అర్థం కూడా తోస్తుంది. విదేశీ మిషనరీ కుటుంబంతో వస్తాడు. తెలుగు విశ్వాసి కుటుంబాన్ని విడిచి వస్తాడు. బాప్తిస్మం పొందిన బ్రాహ్మణుడికి ఆనాడు ఇంటి గడప మూసుకుపోయేది. 1847లో విశాఖలో జాన్ హే పాఠశాల విద్యార్థి పులిపాక జగన్నాథం బాప్తిస్మం పొందినప్పుడూ విషయం ఇదే. ఒక సంఘం మొదలైన ప్రతిచోటా ఒక ఇల్లు చీలింది. మిషన్ చరిత్రలు మొదటిదానిని రాశాయి; రెండవదానిని తెలుగు సమాజ చరిత్ర రాయవలసి ఉంది.

8. థామస్ గాబ్రియేలు: తెలుగు కుటుంబం ప్రారంభించిన సంఘం

పై ఉదాహరణలలో ఇల్లు మిషన్‌ది. కాకినాడలో 1860ల చివర జరిగింది దీనికి భిన్నం. తంతి శాఖలో ఉద్యోగి అయిన థామస్ గాబ్రియేలు, ఏ విదేశీ సంస్థా పంపకుండానే కాకినాడలో సంఘాన్ని ప్రారంభించాడు. ప్రభుత్వోద్యోగాన్ని వదులుకున్నాడు. మద్రాసులోని బాప్టిస్టుల సహాయం చాలకపోవడంతో, రామాయపట్నంలో ఉన్న కెనడా దేశస్థుడు జాన్ మెక్లారిన్ ద్వారా కెనడా బాప్టిస్టులను అభ్యర్థించాడు. వారు అంగీకరించారు. 1874 మార్చిలో మెక్లారిన్ కుటుంబం కాకినాడ చేరింది. 1875 జనవరి 1న గాబ్రియేలు మరణించాడు. అదే 1875లో, సయాంలో కరెనుల కోసం వెళ్ళి అక్కడ ఆశించిన ఫలితం లేక తిరిగిన మరొక కెనడా బృందం తెలుగు తీరానికి వచ్చింది. వారిలో సాన్‌ఫర్డ్ దంపతులు విశాఖకు దగ్గరి భీమునిపట్నంలో స్థిరపడ్డారు.

ఈ క్రమాన్ని సాధారణంగా ‘కెనడియన్ మిషన్ కాకినాడకు వచ్చింది’ అని రాస్తారు. జరిగింది చూస్తే, తెలుగు కుటుంబం ఒకటి ముందే ఉన్న సంఘానికి కెనడా వారిని పిలిచింది. కర్త మారితే వాక్యం మారుతుంది. వాక్యం మారితే చరిత్ర మారుతుంది. ఆనందరాయర్ విషయంలో కర్తృత్వం గురించి వేసిన ప్రశ్ననే ఇక్కడ స్థాపకత్వం గురించి వేయవలసి వస్తోంది.

9. ‘సంఘం’ అనే మాట

ఈ కుటుంబాలన్నీ స్థాపించదలచిన దానికి తెలుగు క్రైస్తవులు వాడే మాట ‘సంఘం’. కట్టడాన్ని మందిరం, చర్చి, కొన్ని చోట్ల గుడి అంటారు. మనుషుల కూటమిని సంఘం అంటారు. గ్రీకు మూలపదానికి కూడా అర్థం కట్టడం కాదు, కూడిన జనమే. ఆంగ్లంలో రెండింటికీ ఒకే మాట ఉండగా, తెలుగు ఈ రెండింటినీ విడదీసి చెప్పగలుగుతోంది. అందుకే తెలుగువాడు ‘చర్చి కట్టకముందే సంఘం ఉంది’ అని అనగలడు.

ఈ మాటకు విశాఖ తీరంలో మరింత పాత చరిత్ర ఉంది. తొట్లకొండ, బావికొండ, అనకాపల్లి దగ్గరి శంకరం బౌద్ధ భిక్షు సంఘాల నివాసాలు. శంకరం అనే ఊరి పేరే ‘సంఘారామం’ నుంచి వచ్చిందని పండితుల అభిప్రాయం. ఇల్లు విడిచిన భిక్షువుల కూటమికి పేరైన మాట, ఇల్లే కేంద్రంగా మొదలైన మరొక కూటమికి అదే తీరంలో పేరైంది. ఎవరూ పథకం ప్రకారం చేసినది కాదు. భాషకు ఉన్న జ్ఞాపకశక్తి అటువంటిది.

ఇల్లే సంఘం కావడం కొత్త నిబంధనలోనూ ఉన్నదే. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు రోము విడిచి కొరింథుకు, అక్కడి నుంచి ఎఫెసుకు వెళ్ళారు. డేరాలు కుట్టుకుని బతికారు. వారి ఇంట్లో సంఘం కూడేది. పని కోసం పట్టణానికి వచ్చిన గాజువాక కుటుంబాలకు ఈ దంపతుల కథ పరాయిగా తోచదు.

10. ఎవరి తెలుగు?

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ప్రశ్నను దాటవేయలేము. ఆనందరాయర్, చౌదరి, జగన్నాథం ముగ్గురూ బ్రాహ్మణ కుటుంబాలవారు. జాన్ హే, వార్డ్‌లా వంటివారు కొనసాగించిన అనువాద సంస్కరణలోనూ ప్రమాణంగా నిలిచింది పండితుల తెలుగే. 1854లో సంపూర్ణ తెలుగు బైబిలు వెలువడింది. ఆ తరువాతే, 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ నాయకుల ద్వారా ఒంగోలు ప్రాంతంలోనూ, క్రమంగా ఇతర చోట్లా దళితులు పెద్దసంఖ్యలో క్రైస్తవంలోకి వచ్చారు. 1878 జూలైలో ఒక్కరోజున రెండు వేలమందికి పైగా బాప్తిస్మం పొందిన సంఘటన ప్రసిద్ధం. అంటే ఎవరికి ఆ గ్రంథం ప్రధానంగా సొంతమైందో, వారి నోటి తెలుగు ఆ గ్రంథ నిర్మాణంలో లేదు.

దీనిని నష్టంగా మాత్రమే చూడవచ్చునా? ఊరిబడిలో అడుగుపెట్టనివ్వని వారికి గ్రాంథికచ్ఛాయ గల తెలుగు మొదటిసారి ఆరాధనలో అందుబాటులోకి వచ్చింది. దానిని బిగ్గరగా చదివే హక్కు వచ్చింది. మరొకవైపు, వారి సొంత పలుకుబడికి పవిత్రత లేదన్న భావం కూడా దానితోపాటే వచ్చింది. నేటికీ ఇంట్లో ఉత్తరాంధ్ర మాండలికం మాట్లాడే వ్యక్తి ప్రార్థనకు నిలబడగానే వేరొక తెలుగులోకి మారడం మనం వినవచ్చు. ఆ మార్పులో రెండూ ఉన్నాయి: గెలుచుకున్న భాష ఒకటి, విడిచివచ్చిన భాష మరొకటి. క్రైస్తవ తెలుగును ‘పాదిరి తెలుగు’ అని తేలికగా తీసిపారేసే విమర్శ ఈ రెండవ పొరను చూడడం లేదు. అది పాదిరీలది మాత్రమే కాదు, పండితులది కూడా. చివరకు పాడి, చదివి, కన్నీటితో తడిపి తమదిగా చేసుకున్నవారిది.

11. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు. విశాఖ తీరంలో క్రైస్తవ సంఘం ఏర్పడటానికి రెండు దశాబ్దాలకు పైగా ముందే గ్రంథం ఏర్పడింది. ఆ గ్రంథం ఒక ఇంటిలో, ఇద్దరు విదేశీయులు, ఒక భారతీయుడు కలిసి చేసిన పని. దాని కర్తృత్వాన్ని ఉమ్మడిగా గుర్తించాలి. వచనం చేరలేని చోటికి కీర్తన చేరింది. స్థాపకుల జాబితాలో విదేశీ పేర్ల వెనుక గాబ్రియేలు వంటి తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఈ గ్రంథపు తెలుగు, దానిని సొంతం చేసుకున్న ప్రజల తెలుగు ఒకటి కావు. ఆ దూరమే క్రైస్తవ తెలుగు శైలికి మూలం.

చివరగా ఒక సూచన. 1805 నాటి ఇంటి గురించి మనకు తెలిసినదంతా ఆ ఇంటివారు లండనుకు రాసిన లేఖల వల్లనే తెలిసింది. గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి, దువ్వాడలలో గత అర్ధశతాబ్దిలో ముందుగదులలో మొదలైన సంఘాలవారు ఎవరికీ లేఖలు రాయలేదు. వారి చరిత్ర పెద్దల జ్ఞాపకాలలో, చేతిరాత పాటల పుస్తకాలలో, మొదటి సభ్యుల పేర్లు రాసుకున్న నోటు పుస్తకాలలో ఉంది. కర్మాగారం కోసం ఊరు పోగొట్టుకున్నవారి పాత ఊరి పేర్లు కొన్ని ఇప్పుడు ఆ ప్రార్థనలలో మాత్రమే వినిపిస్తాయి. మొదటి తరం పెద్దలు వెళ్ళిపోకముందే ఈ సామగ్రిని సేకరించడం తెలుగు శాఖల పరిశోధకులు చేపట్టదగిన పని. లేకపోతే రెండు వందల ఏళ్ళ తరువాత మరొక పరిశోధకుడు మన కాలపు ఆనందరాయర్ ఎవరో వెతుక్కోవలసి వస్తుంది.